అక్టోబర్ 21కి మా ఊరి కానిస్టేబుల్ స్మారకం: విగ్రహం, ఫలకం, బ్యూగిల్... ఏది ఎలా?

ఏటిగట్టు
అందరికీ నమస్కారం. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి కానిస్టేబుల్ అయిన ఒకాయన మందుపాతర పేలుడులో చనిపోయారు. ఇంటివాళ్లు కోరారు కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ అక్టోబర్ 21న, పోలీసు సంస్మరణ దినాన, పూర్వ విద్యార్థులంతా కలిసి ఆయన స్మారకం పెడదామని అనుకున్నారు. కమిటీ రాసుకున్న జాబితా ఇది:
ఊరి సెంటర్లో నిలువెత్తు సిమెంటు విగ్రహం. కింద గ్రానైట్ ఫలకం. విగ్రహం మీద జాతీయ జెండా కప్పి ఎమ్మెల్యే గారి చేత ఆవిష్కరణ. 21 తుపాకుల వందనం. ఫోన్లోంచి బ్యూగిల్ పాట. ఐదు నిమిషాల మౌనం. స్కూలు జెండా సగానికి దించడం.
తప్పులుంటే ఇప్పుడే చెప్పండి. ఇంకా చందాలు వసూలు చేయలేదు.

పాతదండు
ఏటిగట్టు గారూ, చందాలకు ముందే అడిగారు, మంచి పని చేశారు. మీ జాబితాలో ఫలకం ఒక్కటే ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. మిగతా అన్నింటినీ మార్చాల్సిందే.

ముందు జెండా సంగతి. విగ్రహాన్ని జాతీయ జెండాతో కప్పకూడదు. ఆవిష్కరణ సభలో జెండా ఉండాలనుకుంటే విడిగా, స్పష్టంగా కనిపించే చోట ఎగరాలి, అంతే. కప్పడానికి మామూలు పట్టుగుడ్డో ఖాకీ గుడ్డో వాడండి. స్కూలు జెండాను సగానికి దించడం కూడా మన ఇష్టం కాదు. ప్రభుత్వం ఆదేశిస్తేనే దించాలి. అక్టోబర్ 21న అలాంటి ఆదేశం లేకపోతే జెండా రోజూలాగే పూర్తి ఎత్తులో ఉంటుంది.

21 తుపాకుల వందనం ఫిరంగుల వ్యవహారం. రిపబ్లిక్ డే నాడు రాష్ట్రపతికి ఇచ్చేది అది. పోలీసు అంత్యక్రియల్లో ఉండేది రైఫిళ్లతో గాల్లోకి మూడు విడతల కాల్పులు. అదీ అంత్యక్రియల రోజునే. ఏళ్ల తర్వాత పెట్టే స్మారకం దగ్గర కాల్పులు అడగకండి, ఇవ్వరు. అడిగారని మిగతా కోరికలు కూడా పక్కన పెట్టేస్తారు.

కొల్లేటి_కొంగ
మౌనం ఐదు నిమిషాలు వద్దండీ. రెండు నిమిషాలు చాలు. హైస్కూల్ పిల్లలు మూడో నిమిషంలో గుసగుసలు మొదలుపెడతారు, నాలుగోదాంట్లో ఎవడో ఒకడు నవ్వుతాడు. గడియారం ఒక్కరి చేతిలోనే ఉండాలి. మనసులో లెక్కపెట్టేవాళ్లు అరవై సెకన్లకే రెండు నిమిషాలు అయిపోయాయంటారు.

గోల్కొండ_గుట్ట
అన్నా, సెంటర్ల విగ్రహం అంటున్నరు కదా, ఆ ముచ్చట మర్చిపోండ్రి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు చెప్పింది: రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే జాగల్ల కొత్త విగ్రహాలకు పర్మిషన్ ఇయ్యొద్దని రాష్ట్రాలకు ఆర్డర్. హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్ల పోలీసు ఆఫీసర్ ఉమేశ్ చంద్ర సారు విగ్రహం ఉంది కదా మరి అంటరేమో, అది అంతకంటె శానా ముందు పెట్టింది. ఇప్పుడు రాత్రికి రాత్రి దిమ్మె కట్టి పెడితే ఎవడో ఒకడు పిటిషన్ ఏస్తడు, మున్సిపాలిటోళ్లు వచ్చి ముసుగేసి పోతరు. ఆయన విగ్రహం ఏండ్ల తరబడి గోనెసంచి కప్పుకొని నిలబడుడు మంచిగుంటదా?
స్కూల్ లోపట, గేటు దాటినంక పెట్టుండ్రి. దానికి హెడ్మాస్టర్ ఒప్పుకుంటే సరిపోదు, జాగ జిల్లా పరిషత్‌ది గాబట్టి రాతపూర్వకంగ పర్మిషన్ తీసుకోవాలె.

శిల్పి_సందు
స్కూలు లోపలైతే నిలువెత్తు విగ్రహం మానేయండి. ఛాతీ వరకు చేయించండి. సిమెంటు బొమ్మతో వచ్చే చిక్కు లోపలి ఇనుప చువ్వలతోనే. పైన సిమెంటు పొర పలచగా ఉంటే చెమ్మ చువ్వకు చేరుతుంది, తుప్పు పట్టి ఉబ్బుతుంది, చెవి దగ్గరో ముక్కు దగ్గరో పగులు వస్తుంది. ఏటా రంగు వేస్తారు. ఐదారు పొరలయ్యేసరికి ముఖం ఎవరిదో తెలియకుండా పోతుంది. మన ఊళ్ల సెంటర్లలో సగం విగ్రహాలు అన్నదమ్ముల్లా ఉండేది ఇందుకే.
కంచు ఖరీదే, కానీ ఛాతీ విగ్రహానికి లోహం తక్కువే పడుతుంది కాబట్టి అడిగి చూడండి. ఫైబర్ చౌక, తేలిక. ఎండలో రంగు పాలిపోతుంది, నీడ ఉంటే పర్వాలేదు.
కంచు విగ్రహాన్ని చింతపండుతోనో పీతాంబరితోనో తోమకండి. పైన ఏర్పడ్డ ముదురు పొరే లోహానికి రక్ష. మెత్తటి బ్రష్, ఘాటు లేని సబ్బు నీళ్లు, ఆరాక పలచగా మైనం. ఏడాదికి ఒకసారి చాలు.
ఇంకో మాట. శిల్పికి పెళ్లి ఫోటో ఇవ్వకండి. యూనిఫాంలో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి కావాలి. టోపీ, భుజం పట్టీ, బెల్టు ఆ కాలం నాటివే ఉండాలి. కానిస్టేబుల్ భుజం మీద నక్షత్రాలు పెట్టేసిన బొమ్మలు ఉన్నాయి.

ఏటిగట్టు
ఇన్ని ఉన్నాయని తెలియదు. విగ్రహం విషయం కమిటీలో మళ్లీ మాట్లాడతాను. ఒక చిన్న సందేహం: ఆహ్వాన పత్రికలో "1962 చైనా యుద్ధంలో మరణించిన పోలీసుల స్మృతిలో అక్టోబర్ 21" అని వేశారు. సరేనా?

తేదీల_తాతయ్య
కాదు. 1962 కాదు, 1959. యుద్ధానికి మూడేళ్ల ముందు జరిగిన సంగతి.

లద్దాఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ అనే చోట, దాదాపు పదహారు వేల అడుగుల ఎత్తున, మన కాపలా బృందం ఉండేది. 1959 అక్టోబర్ 20న దారి చూసి రావడానికి మూడు చిన్న బృందాలు వెళ్లాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక సామాను మోసే మనిషి ఉన్న మూడోది రాలేదు. వాళ్లను వెతకడానికి మర్నాడు కరమ్ సింగ్ అనే అధికారి ఇరవై మందితో బయల్దేరారు. ఆయన గుర్రం మీద, మిగతావాళ్లు నడిచి, మూడు భాగాలుగా. మధ్యాహ్నం వేళ గుట్ట మీద నుంచి చైనా సైనికులు కాల్పులు జరిపారు, గ్రెనేడ్లు విసిరారు. దాక్కోవడానికి చాటు లేదు. పది మంది చనిపోయారు, గాయపడ్డ ఏడుగురు బందీలయ్యారు. శవాలను నవంబర్ 13న గాని అప్పగించలేదు. వాళ్లకు అక్కడే పోలీసు లాంఛనాలతో దహనం జరిగింది.

1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఐజీల సమావేశం ఆ తేదీని సంస్మరణ దినంగా తీర్మానించింది. కాబట్టి పత్రికలో "1959 అక్టోబర్ 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద ప్రాణాలర్పించిన పోలీసుల స్మృతిలో" అని వేయండి. "చైనా యుద్ధం" తీసేయండి.

మిరపతోట
తాతయ్య గారూ, ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ పోలీసు స్మారకం ఎప్పటిది? అక్కడ ఈయన పేరు ఉంటుందా?

తేదీల_తాతయ్య
2018 అక్టోబర్ 21న ప్రధాని ప్రారంభించారు. ముప్పై అడుగుల నల్ల గ్రానైట్ ఏకశిల, బరువు 238 టన్నులు. అంతకుముందు అదే చోట ఉక్కుతో ఒక కట్టడం లేపారు గానీ, రిడ్జ్ (ఢిల్లీలోని అడవి గుట్టల) పర్యావరణం దెబ్బతింటుందని హైకోర్టు కలగజేసుకున్నాక 2008లో కూల్చేశారు. ఇప్పుడున్న శౌర్య కుడ్యం మీద స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి చనిపోయినవాళ్ల పేర్లు చెక్కారు. ప్రారంభం నాటికి 34,844. ఏటా కొత్తవి చేరుతుంటాయి.

ఆ లెక్క నడిచే తీరు తెలుసుకోండి, మీకు పనికొస్తుంది. అక్టోబర్ 21న పోలీసు పెరేడ్‌లో చదివే పేర్లు జనవరి నుంచి డిసెంబర్ లెక్క కాదు. పోయిన సెప్టెంబర్ 1 నుంచి ఈ ఆగస్టు 31 వరకు. సెప్టెంబర్ మొదటి వారంలో చనిపోయిన మనిషి పేరు ఆ ఏడాది అక్టోబర్‌లో వినిపించలేదంటే వదిలేశారని కాదు, మరుసటి ఏడాది జాబితాలో వస్తుంది. ఈ సంగతి తెలియక గొడవపడ్డ కుటుంబాలు ఉన్నాయి. మీ ఊరాయన పేరు ఏ ఏడాది జాబితాలో ఉందో జిల్లా ఎస్పీ కార్యాలయంలో అడగండి. ఇంటిపేరు, పొడి అక్షరాలు, పి.సి. (పోలీస్ కానిస్టేబుల్) నంబరు అందులో ఎలా ఉన్నాయో మీ ఫలకంలోనూ అలాగే ఉండాలి. అందులోనే తప్పుంటే ముందు అక్కడ సరిచేయించండి. రాతి మీద ఒకటి, రికార్డులో ఒకటి ఉంటే రేపు ఆయన మనవళ్లు ఏదైనా కాగితం కోసం వెళ్లినప్పుడు తిప్పలు పడతారు.

గోల్కొండ_గుట్ట
తేదీ కూడ సూస్కోండ్రి. ఘటన జరిగిన రోజు వేరు, పానం పోయిన రోజు వేరు ఉంటది. 2015ల సూర్యాపేట బస్టాండ్ల కానిస్టేబుల్ లింగయ్యను, హోంగార్డు మహేశ్‌ను కాల్చి ఉరికినోళ్లు ఏప్రిల్ 4న జానకీపురం కాడ దొరికిన్రు. ఆ కాల్పులల్ల కానిస్టేబుల్ నాగరాజు ఆడనే పోయిండు. ఎస్సై సిద్దయ్య పోయింది ఏప్రిల్ 7న, దవాఖానల. గిప్పుడు శానా మంది పోస్టర్ల మీద అందరికీ ఒక్కటే తేదీ ఏస్తరు.
హోంగార్డు అయితే హోంగార్డు అనే రాయాలె. గౌరవం కోసమని కానిస్టేబుల్ అని రాస్తే అది గౌరవం గాదు, ఆ మనిషి ఏ కొలువు చేస్తూ పోయిండో అది తుడిచేసినట్టు.

మిరపతోట
పోస్టర్ల మాట వచ్చింది కాబట్టి: పోలీసు అమరుల బ్యానర్లలో కె.ఎస్. వ్యాస్ గారిని, ఉమేశ్ చంద్ర గారిని, పరదేశి నాయుడు గారిని ఒకే వరసలో పెట్టి కింద "ఎన్‌కౌంటర్‌లో వీరమరణం" అని వేస్తుంటారు. ముగ్గురిదీ ఎన్‌కౌంటర్ కాదు.
నక్సల్స్‌ను ఎదుర్కొనే పోలీసు దళం గ్రేహౌండ్స్‌కు రూపమిచ్చిన వ్యాస్ గారిని 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో పరుగు తీస్తుండగా కాల్చారు. మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు గారు అదే ఏడాది నవంబర్ 14న సోమశిల దగ్గర మందుపాతరకు బలయ్యారు. ఉమేశ్ చంద్ర గారిది 1999 సెప్టెంబర్ 4, ఎస్.ఆర్.నగర్ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు. ఆయనతో పాటు గన్‌మన్, డ్రైవర్ కూడా పోయారు. విగ్రహం ఒకరిదే కాబట్టి ఆ ఇద్దరి సంగతి ఎవరికీ గుర్తుండదు.
ఏటిగట్టు గారూ, మీ ఊరాయనతో పాటు అదే పేలుడులో ఇంకెవరైనా పోయి ఉంటే వాళ్ల పేర్లూ కింద ఒక వరుసలో చెక్కించండి. వేరే జిల్లా వాళ్లయినా సరే.

ఏటిగట్టు
ఇంకో ముగ్గురు పోయారు. ఇది మాకు తట్టనే లేదు. పేర్లు కనుక్కుంటాను.
ఫలకంలో "అమరవీరుడు" అని రాయవచ్చా? ఒకరు కూడదంటున్నారు, ఒకరు రాయకపోతే ఊరుకోమంటున్నారు.

ఫైళ్ల_పురుగు
ఫలకం మీద రాసుకోండి, ఎవరూ కాదనరు. కాగితాల్లో మాత్రం వాడకండి. "అమరుడు", "షహీద్" అన్నవాటికి ప్రభుత్వ నిబంధనల్లో నిర్వచనం లేదు. కేంద్రం పార్లమెంటులోనే ఈ మాట చెప్పింది. పరిహారానికైనా పింఛనుకైనా ఫైలు నడిచేది "విధి నిర్వహణలో మృతి" అన్న మాట మీద. ఎస్పీ గారికి రాసే ఉత్తరంలోనూ అదే వాడండి.

ఇక్కడ చదివే కుటుంబాల కోసం ఇంకాస్త. ఆ రోజు ఆయన డ్యూటీలో ఉన్నాడని నిరూపించేది స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీ (జీడీ)లోని ఎంట్రీ, స్టేషన్ దాటి వెళ్తే ఇచ్చే పాస్‌పోర్టు. విదేశాలకెళ్లే పాస్‌పోర్టు కాదండీ, ఫలానా పని మీద ఫలానా చోటికి పంపుతున్నామని రాసిచ్చే చీటీ. ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, పోస్టుమార్టం నివేదిక, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తర్వాతైనా తెచ్చుకోవచ్చు. జీడీ ఎంట్రీ లేకపోతే మాత్రం ఫైలు "సెలవులో ఉన్నాడా, డ్యూటీలో ఉన్నాడా" దగ్గరే ఆగిపోతుంది. నెలలోపే నకలు తీసి దాచుకోవాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్యాంకు దగ్గర ఆగుతుంది కాబట్టి ఆధార్, సర్వీస్ పుస్తకం పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

డీటీపీ_రాజు
ఫలకం గురించి నా రెండు ముక్కలు. తెలుగు రాయి మీద చెడేది ఎక్కువగా ఫాంటు దగ్గరే. మీరు వాట్సాప్‌లో పంపే మేటర్ యూనికోడ్. చెక్కేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది పాత అను ఫాంట్లు. మార్చేటప్పుడు క్ష్మ, స్త్ర, ర్థ లాంటివి విడిపోతాయి, లేదా ఒక వత్తు ఎగిరిపోతుంది. "లక్ష్మి" కాస్తా "లక్షి" అవుతుంది. కంప్యూటర్ తెర మీద చూసి సరేనంటే చాలదు. రాతి సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించండి. ఇంటివాళ్లు ఒకరు, తెలుగు మాస్టారు ఒకరు చదివి ప్రతి లైను కింద సంతకం పెట్టాలి. ఆ తర్వాతే స్టెన్సిల్ కోయాలి.

కొలతలు: మూడడుగులు రెండడుగులు, 20 మి.మీ. మందం నల్ల గ్రానైట్ చాలు. పదడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఉండాలి. ఆ అంగుళం తలకట్టు, వత్తులు కాకుండా. లైన్ల మధ్య ఇంగ్లీషుకు ఇచ్చేంత ఖాళీ ఇస్తే పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. అక్షరం ఎత్తుకు దాదాపు రెట్టింపు వదలండి. అంటే పది లైన్లు మించి పట్టవు. పట్టకపోతే ఎమ్మెల్యే, సర్పంచ్, దాతల పేర్లు వేరే రాయి మీద. చాలా ఊళ్లలో దాతల పేర్లు పెద్దవిగా, పోయినాయన పేరు చిన్నదిగా ఉంటుంది.

బంగారు రంగు నింపించకండి, పెచ్చులూడుతుంది. ఇసుకతో చెక్కిన అక్షరం మెరుగు రాయి మీద బూడిద రంగులో దానంతటదే కనిపిస్తుంది. పడమటి ముఖంగా బిగిస్తే సాయంత్రం ఎండకు అద్దంలా మెరిసి ఒక్క అక్షరం కనబడదు. ఉత్తరం మేలు. సిమెంటు ముద్దలు నాలుగు మూలలా వేసి అతికించి వదిలేస్తే మధ్యలో బోలుగా ఉండి బంతి తగిలితే పగులుతుంది. స్కూలు కదా, బంతి తగలడం ఖాయం. వెనకంతా సమంగా పూత, పైన నాలుగు స్టెయిన్‌లెస్ మరలు.

పాతదండు
ఇక లాంఛనాలు. బ్యూగిలర్‌ను పంపమని జిల్లా ఎస్పీ గారికి ఉత్తరం రాయండి. మీ స్టేషన్ ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ హౌస్ ఆఫీసర్) ద్వారా వెళ్లాలి, ఒక ప్రతి జిల్లా పోలీసు సాయుధ విభాగమైన ఆర్మ్‌డ్ రిజర్వ్‌లోని రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌కు. మనుషుల్ని కేటాయించేది ఆయనే. ఒక్క విషయం గుర్తుంచుకోండి: అక్టోబర్ 21 ఉదయం జిల్లాలో ఉన్న బ్యూగిలర్లు అందరూ హెడ్‌క్వార్టర్స్ పెరేడ్‌లోనే ఉంటారు. ఆ ఉదయానికి అడిగితే దొరకరు. సాయంత్రం నాలుగు గంటలకు పెట్టుకోండి, లేదా ఆయన వర్ధంతి రోజున పెట్టుకోండి. నన్నడిగితే వర్ధంతే సరైనది. ఆ రోజు ఆయన ఒక్కడిదే.

పెరేడ్‌లో వరస ఇలా ఉంటుంది. పేర్లు చదవడం అయ్యాక "సలామీ శస్త్ర్", అంటే రైఫిళ్లతో వందనం. దాని మీద నుంచి "శోక్ శస్త్ర్": రైఫిల్‌ను తలకిందులు చేసి గొట్టం మూతిని ఎడమ బూటు మీద ఆనించి, చేతులు రెండూ రైఫిల్ బట్ (వెనక భాగం) మీద ఒకదానిపై ఒకటి పెట్టి, తల వంచాలి. రైఫిల్‌కు సంగీను (బాయినెట్) ఉండదు. అప్పుడు బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు స్వరం. రెండు నిమిషాల మౌనం. మళ్లీ బ్యూగిల్, ఈసారి రౌజ్ అనే మేలుకొలుపు స్వరం. దాంతో తలలు లేస్తాయి. మళ్లీ సలామీ, ఆపైన "బాజూ శస్త్ర్", అంటే రైఫిల్ తిరిగి పక్కకు. పుష్పగుచ్ఛాలు ఉంచడం ఒక్కోచోట ముందు, ఒక్కోచోట తర్వాత.

మీ స్కూల్లో ఎన్‌సీసీ ఉంటే పిల్లల్ని రైఫిళ్లు లేకుండా నిలబెట్టండి. సావధాన్‌లో ఉండి తల వంచితే చాలు. చెక్క తుపాకులిచ్చి శోక్ శస్త్ర్ చేయించకండి. తలకిందులు చేసేటప్పుడు ఒకడిది జారిందంటే మౌనమంతా పోతుంది.

కొల్లేటి_కొంగ
బ్యూగిలర్ దొరక్కపోతే ఫోన్లో పెట్టవచ్చా?

పాతదండు
పెట్టొచ్చు, పాత ఫోన్లో. సిమ్ తీసేసి, వైర్‌తో మిక్సర్‌కు కలిపి. లాస్ట్ పోస్ట్, రౌజ్ రెండూ వేర్వేరు ఫైళ్లుగా ఉంచుకోండి. ఒకే ఫైల్లో ఉన్నది పెడితే మధ్య మౌనం పది సెకన్లే ఉంటుంది, పెట్టినవాడు కంగారులో ఆపలేడు. మౌనంలో మైకు స్విచ్ నొక్కితే టప్పుమంటుంది, మిక్సర్ దగ్గర శబ్దం నెమ్మదిగా దించాలి.
మనిషే వస్తే ఆయన్ని ఎండలో గంటసేపు నిలబెట్టకండి. బ్యూగిల్‌కు మీటలు ఉండవు, స్వరాలన్నీ పెదవుల బిగువుతో రావాల్సిందే. పెదవులు ఎండితే పై స్వరం చీలుతుంది. నీడలో కుర్చీ, గ్లాసుడు నీళ్లు, వాయించే ముందు ఐదు నిమిషాలు పక్కకు వెళ్లి ఊదుకునే వీలు ఇవ్వండి.

మిరపతోట
కాల్పుల గురించి ఒక ప్రశ్న, ఈ కార్యక్రమానికి కాదు. 2019 ఆగస్టులో బిహార్‌లో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో ఒక్క రైఫిల్ కూడా పేలలేదు కదా. అన్నీ ఒకేసారి ఎలా చెడతాయి?

పాతదండు
అన్ని రైఫిళ్లూ ఒకేసారి చెడిపోవు. అన్నింటిలోనూ ఒకేలా ఉండేది తూటా. ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది దాన్నే. లాంఛనాలకు వాడే బ్లాంకులు (గుండు లేని తూటాలు) ఎప్పుడో గాని బయటికి రావు. పాత పెట్టె, చెమ్మ పట్టిన మందు, ఒకే లాట్. వారం ముందు అదే లాట్‌లోంచి ఐదారు తీసి కాల్చి చూస్తే తెలిసిపోతుంది.
రెండో చిక్కు వేరు. మొదటిది పేలి రెండోది పేలకపోవడం. ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ లాంటి రైఫిళ్లు గ్యాస్ ఒత్తిడితో తమంతట తామే తర్వాతి తూటా ఎక్కించుకుంటాయి. బ్లాంకులో గుండు ఉండదు, గొట్టంలో ఒత్తిడి నిలవదు, బోల్టు పూర్తిగా వెనక్కి రాదు. అందుకని ప్రతి విడతకూ చేత్తో బోల్టు లాగి కాక్ చేయాలి. అలవాటు లేని జట్టు రెండో ఆదేశానికి ట్రిగ్గర్ నొక్కి ఖాళీగా నిలబడుతుంది. పాత .303 రైఫిల్‌కి ఈ బాధ లేదు, దానికి ఎప్పుడైనా బోల్టు చేత్తో లాగాల్సిందే.
బ్లాంకు అంటే బొమ్మ తూటా అనుకోవద్దు. మూతి ముందు కొద్ది దూరంలో ఉన్నవాళ్లకు గాయం అవుతుంది. ఫోటోల కోసం రైఫిళ్ల ముందుకు పరిగెత్తేవాళ్లను ఆపడానికి ఒక మనిషిని పెట్టాలి.

ఏటిగట్టు
కమిటీలో మాట్లాడాము. విగ్రహం వద్దనుకున్నాం. స్కూలు లోపల గేటు పక్కన ఉత్తర ముఖంగా ఫలకం. వర్ధంతి రోజు ఉదయం. జెండా, తుపాకులు లేవు. బ్యూగిలర్ కోసం ఎస్‌హెచ్‌ఓ గారికి ఉత్తరం ఇచ్చాం. ఫలకం మేటర్ ఇది, పేర్లు తీసేసి పెడుతున్నాను:

పోలీస్ కానిస్టేబుల్ (పేరు), పి.సి. నం. (నంబరు)
ఈ పాఠశాల పూర్వ విద్యార్థి
జననం: (తేదీ)
(తేదీ)న (ఊరు) వద్ద మందుపాతర పేలుడులో
విధి నిర్వహణలో అమరుడయ్యారు
ఆయనతో పాటు మరణించిన వారు: (మూడు పేర్లు)

తేదీల_తాతయ్య
"ఆయనతో పాటు మరణించిన వారు" దగ్గర ఆ ముగ్గురి హోదాలు కూడా వేయండి. జీపు డ్రైవర్ ఉంటే డ్రైవర్ అని.

డీటీపీ_రాజు
ఆ ముగ్గురి పేర్లు విడి లైన్లలో వేసినా మొత్తం తొమ్మిదే అవుతాయి, పడతాయి. "పూర్వ విద్యార్థి"లో ర్వ, ద్య, ర్థ మూడూ ఒకే లైన్లో ఉన్నాయి, ప్రింటులో ముందు ఆ లైనే చూడండి.